క్రెడిట్ కార్డు: చేబదులా, మూడున్నర వడ్డీ అప్పా?

తెలుగులో ‘పరపతి’ అనే మాట రెండు అర్థాలలో వాడుకలో ఉన్నది. నలుగురిలో ఒకరికి గల చెల్లుబడి ఒక అర్థం. అడిగినచోట అప్పు పుట్టే యోగ్యత మరొక అర్థం. గ్రామాలలోని సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది ఈ రెండవ అర్థమే. క్రెడిట్ కార్డును అమ్మేవారు మాత్రం ఈ రెండింటినీ కలిపి అమ్ముతారు. కార్డు చేతిలో ఉండడం గౌరవానికి గుర్తు అని ప్రకటన చెబుతుంది. ఆ గౌరవం వెనుక ఉన్నది అప్పు. కొత్త కార్డు తీసుకోవాలా వద్దా, తీసుకుంటే ఎటువంటిది తీసుకోవాలి అని ఆలోచించే గృహస్థు మొట్టమొదట చేయవలసిన పని ఈ రెండు అర్థాలను విడదీయడం.

ఈ ప్రశ్న నేడు పెద్ద ఉద్యోగుల ఇళ్ళకే పరిమితమై లేదు. గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణాన, ఉధనా నుంచి సచిన్ పారిశ్రామికవాడకు పోయే వైపున ఉన్ అనే పేట ఉన్నది. ఉత్తరప్రదేశ్, బీహార్, ఒడిశా, మహారాష్ట్రల నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారు నివసించే కార్మికవాడలు ఆ నగరంలో అనేకం. వారితోపాటు లింబాయత్, ఉధనా వంటి పేటలలో తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు స్థిరపడినవి. నగరపాలక సంస్థవారి విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి ఉనికి ఎటువంటిదో తెలుస్తుంది. ఈ ఇళ్ళలో తండ్రి మీటరు లెక్కన కూలి తీసుకుంటూ మరమగ్గం నడిపినవాడు. కొడుకో కూతురో జీతం బ్యాంకు ఖాతాలో పడే మొదటి తరంవారు. జీతం ఖాతాలో పడ్డ కొద్ది నెలలకే ఫోను మోగుతుంది: “మీకు కార్డు మంజూరయింది. సంతకం ఒక్కటే తరువాయి.”

సూరత్‌లో అప్పు కథ

అప్పు సూరత్‌కు కొత్త కాదు. మొగలాయిల కాలంలో పశ్చిమ తీరాన అతి ముఖ్యమైన రేవు అది. ఆ ఊరి షరాబులు వ్రాసి ఇచ్చిన హుండీలు దూరదేశాల బజారులలో సొమ్ముగా చెల్లేవి. పదిహేడవ శతాబ్దంలో వీర్జీ వోరా అనే సూరత్ వర్తకుని వద్ద ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారే అప్పులు తీసుకున్నారు. నేటికీ అక్కడి జవుళి బజారు అరువుమీదనే నడుస్తున్నది. చీరలు దేశమంతటికీ ముందు పోతాయి. డబ్బు నెలల తరువాత వస్తుంది.

అయితే ఈ పరపతి అంతా వర్తకునిది. మగ్గం నడిపేవానిది కాదు. అతనికి అవసరం వచ్చినప్పుడు ఉన్న దారులు మూడే: సేఠు వద్ద ముందుగా తీసుకొని కూలిలో కోయించుకోవడం, వీధి చివరి కిరాణా దుకాణంలో ఖాతా, లేదా వడ్డీ వ్యాపారి గుమ్మం. ఈ మూడింటిలోనూ అప్పు ఇచ్చేవాడు ముఖం ఎరిగినవాడు. మాట తప్పితే పరువు పోతుంది. సేఠు వద్ద బాకీ ఉన్నవాడు మెరుగైన కూలి దొరికినా మరొక చోటికి పోలేడు.

క్రెడిట్ కార్డు ఈ బంధాన్ని తెంచుతుంది. ముఖం ఎరుగని సంస్థ జామీను లేకుండా, తాకట్టు లేకుండా అప్పు ఇస్తుంది. అర్ధరాత్రి ఆసుపత్రిలో ముందుగా సొమ్ము కట్టమన్నప్పుడు సేఠు తలుపు తట్టనక్కరలేదు. ఇది చిన్న మేలు కాదు. కార్డు అంటేనే వినాశం అని కొట్టివేసేవారు ఈ సంగతి గుర్తించడం లేదు. కాని ముఖం ఎరిగిన షావుకారు అప్పు ఇచ్చేముందు “ఎట్లా తీరుస్తావు?” అని ఒక మాట అడిగేవాడు. కార్డు అడగదు. ఆ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి.

కార్డు పుట్టుక

ఒక దుకాణానికే చెల్లే అరువు చీటీలు అమెరికాలో చాలాకాలంగా ఉండేవి. అనేక చోట్ల చెల్లే కార్డును 1950లో న్యూయార్క్‌లో డైనర్స్ క్లబ్ ప్రవేశపెట్టింది. అది మొదట భోజనశాలల బిల్లుల కోసం పుట్టినది. నెల తిరిగేసరికి మొత్తం కట్టివేయవలసినదే. మొత్తం కట్టకపోయినా వడ్డీతో బాకీని పొడిగించే పద్ధతిని 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలో విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చింది. నేటి క్రెడిట్ కార్డు ఈ రెండవదానికి వారసురాలు.

మన దేశంలో ఈ మార్గాన తొలుత నడిచిన బ్యాంకులలో తెలుగువారి బ్యాంకు ఒకటి ఉండడం విశేషం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

నూటికి ఎంత?

వడ్డీని తెలుగువారు సంవత్సరం లెక్కన చెప్పుకోరు. “రూపాయి వడ్డీ”, “రెండు రూపాయల వడ్డీ” అంటారు. అంటే నెలకు నూటికి అంత అని. ఈ పాత కొలతే కార్డును తూచడానికి సరియైన తక్కెడ. కార్డు కాగితాలలో నెలకు మూడున్నర శాతం అని సన్నని అక్షరాలలో ఉంటే, అది మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. సంవత్సరానికి నూటికి 42. ఆపై ఆ వడ్డీమీద 18 శాతం పన్ను. అంటే నికరంగా నాలుగు రూపాయల వడ్డీ దాటుతుంది. “నూటికి మూడున్నరనా? మన ఊరి షావుకారు మూడు రూపాయలంటేనే నలుగురు తిట్టుకునేటోళ్ళు గదా బిడ్డా” అని ఒక తండ్రి కొడుకుతో అంటే, అది చదువురానివాని మాట కాదు; లెక్క తెలిసినవాని మాట.

ఈ వడ్డీకి పైహద్దు ఉన్నదనుకోవడం కూడ పొరపాటు. సంవత్సరానికి 30 శాతం మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

అయితే ఇదే కార్డు ఒక షరతుమీద వడ్డీ లేని చేబదులు కూడ అవుతుంది. గడువులోగా బిల్లు మొత్తం, ఒక్క రూపాయి మిగలకుండా, కట్టివేయడమే ఆ షరతు. నెలలో 5వ తేదీన బిల్లు తయారై 25న గడువు ముగిసే కార్డును తీసుకోండి. జూన్ 6న కొన్న వస్తువు జూలై 5 బిల్లులో చేరుతుంది. జూలై 25లోగా కడితే చాలు. 49 రోజుల చేబదులు! అదే వస్తువును జూన్ 4న కొంటే మరునాటి బిల్లులోనే చేరి, జూన్ 25కే కట్టవలసి వస్తుంది. అప్పుడు దొరికేది 21 రోజులే.

బాకీ కొంత మిగిల్చితే కథ మారిపోతుంది. మిగిలిన బాకీమీద వడ్డీ పడడమే కాక, ఆ తరువాత కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడ పోతుంది. బియ్యం బస్తా కొన్ననాటి నుంచే వడ్డీ నడుస్తుంది. కార్డుతో నగదు తీసుకుంటే సాధారణంగా వడ్డీలేని గడువు ఉండదు. మొదటి రోజు నుంచే వడ్డీ. పైగా రుసుము. కనిష్ఠ రుసుము 500 రూపాయలున్న కార్డుతో 5,000 తీసుకున్నవాడు తలుపు దాటకముందే నూటికి పది పోగొట్టుకున్నట్లు.

కనీస మొత్తం అనే వల

బిల్లుమీద రెండు అంకెలుంటాయి: మొత్తం బాకీ ఒకటి, కట్టవలసిన కనీస మొత్తం మరొకటి. ఈ రెండవ అంకె చూసి హాయిగా నిట్టూర్చినవారే ఎక్కువగా మునిగిపోతున్నారు.

ఉన్‌లో నివసించే ఒక కుటుంబాన్ని ఊహించండి. తండ్రి సాంచె నడుపుతాడు. తల్లి ఇంటివద్ద చీరలకు రాళ్ళు అతికే పని చేస్తుంది. కొడుకు సచిన్‌లో గుమాస్తా. కూతురి కాలేజీ ఫీజు 40,000 జూన్‌లో కట్టాలి. కొత్తగా వచ్చిన కార్డుతో కొడుకు ఫీజు కట్టివేశాడు. వడ్డీ మూడున్నర రూపాయలు, కనీస మొత్తం బాకీలో నూటికి అయిదు అనుకుందాము.

మొదటి నెల కనీస మొత్తం 2,000. అందులో వడ్డీకి 1,400, దానిమీద పన్నుకు 252 పోతాయి. అసలులో తగ్గేది 348 మాత్రమే. ఇట్లా ఒక సంవత్సరంపాటు, కార్డుమీద మరేమీ కొనకుండా, తప్పకుండా కనీస మొత్తమే కట్టుకుంటూ పోతే ఆ ఇంటినుంచి సుమారు 22,900 రూపాయలు బయటికి పోతాయి. ఏడాది చివర బాకీ ఎంత? సుమారు 36,000! మరుసటి సంవత్సరం ఫీజు గుమ్మంలో నిలబడి ఉంటుంది.

అదే కుటుంబం నెలకు 4,000 చొప్పున కడితే పదమూడు నెలలు దాటేసరికి బాకీ తీరుతుంది. మొత్తం కట్టినది సుమారు 52,600. ఇంట్లో నగ ఉండి, దానిని బ్యాంకులో తాకట్టు పెట్టి రూపాయి వడ్డీకి అప్పు తెచ్చి, నెలకు అదే 4,000 చొప్పున తీర్చితే పదకొండు నెలలలో ముగుస్తుంది. మొత్తం సుమారు 42,400. తేడా పదివేలు. ఆ పదివేలు కూతురి పుస్తకాలకు, బస్సు చార్జీలకు సరిపోయే సొమ్ము. ఫీజు కట్టడం తప్పు కాదు; అప్పు చేయడమూ తప్పు కాదు. ఏ పనికి ఏ అప్పు తగినది అని చూసుకోకపోవడమే తప్పు. నెలన్నరలో తీరే అవసరానికి కార్డు. ఏడాది పట్టే అవసరానికి తక్కువ వడ్డీ అప్పు. ఇంతకు మించిన సూత్రం లేదు.

తీసుకోవాలా, వద్దా?

దరఖాస్తుమీద సంతకం చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకొని, జవాబులను కాగితంమీద వ్రాసుకోవడం మేలు.

మొదటిది: మీ రాబడి నెలనెలా ఒకే తీరున వస్తుందా? సూరత్‌లో దీపావళి సెలవులకు మగ్గాలు ఆగిపోవడం ఆనవాయితీ. మీటరు కూలిమీద బ్రతికే ఇంటికి అది రాబడి లేని కాలం. కార్డు బిల్లుకు మాత్రం సెలవు లేదు. పండుగకు ముందు కొన్న బట్టల బిల్లు సరిగ్గా పని లేని వారాలలో వచ్చి పడుతుంది. 2020లో కొవిడ్ లాక్‌డౌన్ వేళ రిజర్వు బ్యాంకు వాయిదాలకు ఆగస్టు 31 వరకు విరామం కల్పించినది. కార్డు బాకీలకు కూడ అది వర్తించింది. కాని విరామం అంటే మాఫీ కాదు. ఆ నెలలలోనూ వడ్డీ నడుస్తూనే ఉన్నది.

రెండవది: గత ఆరు నెలలలో ఏ నెలయినా ఖర్చు రాబడిని మించినదా? మించి ఉంటే కార్డు ఆ లోటును పూడ్చదు. కొంతకాలం కనబడకుండా దాచుతుంది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్నారు పెద్దలు. కార్డు దుప్పటిని పొడిగించదు.

మూడవది: కార్డుతో మీకు ఏమి పని? రైలు టిక్కెట్లు, ఆసుపత్రి అవసరాలు, రేపటి ఇంటి అప్పుకోసం మంచి పరపతి చరిత్ర అని జవాబు వస్తే ఆలోచించవచ్చును. ఫలానా వస్తువుమీద తగ్గింపు కోసం అని వస్తే, ఆ వస్తువు లేకుండా ఇంతకాలం ఎట్లా గడిచిందో ఆలోచించండి.

ఎటువంటి కార్డు?

తీసుకోవాలని నిశ్చయించినవారు ముందుగా తమ పరపతి నివేదికను తెప్పించుకోవాలి. దేశంలో ఇటువంటి సమాచార సంస్థలు నాలుగు ఉన్నవి. 300 నుంచి 900 వరకు అంకెలు వేస్తాయి. ప్రతి సంస్థ నుంచి సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు మీకున్నది. మీరు చేయని అప్పు మీ పేర ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు చేయవద్దు. ప్రతి విచారణా నివేదికకు ఎక్కుతుంది. వరుస విచారణలు అక్కరలో ఉన్నవాని లక్షణంగా కనబడతాయి.

రుసుమును చూడండి. సంవత్సరానికి 500 రుసుము ఉన్న కార్డుకు పన్నుతో 590 కట్టాలి. నూరు రూపాయల ఖర్చుకు ఒక రూపాయి బహుమానం ఇచ్చే కార్డయితే, ఆ 590 రాబట్టుకోవడానికే సంవత్సరానికి 59,000 ఖర్చు చేయాలి. తొలి కార్డుకు జీవితాంతం రుసుము లేనిదే ఉత్తమం. విమానాశ్రయాలలో విశ్రాంతి గదులు, సినిమా టిక్కెట్లు చూసి మురిసిపోవద్దు. ఉన్ నుంచి సొంత ఊరికి రైలులో పోయే కుటుంబానికి విమానాశ్రయపు విశ్రాంతి గది దేనికి?

గడువు తేదీ మీ జీతం తేదీకి కొద్ది రోజుల తరువాత ఉండేటట్లు చూసుకోండి. బిల్లు కాలాన్ని కనీసం ఒకసారి మార్పించుకొనే వీలు కార్డుదారునికి నిబంధనలలో ఉన్నది. పరిమితి నెల జీతాన్ని మించకుండా పెట్టమని కోరండి. మీ సమ్మతి లేకుండా దానిని పెంచరాదు.

జీతపు చీటీ లేనివారికి, మీటరు కూలివారికి మరొక దారి ఉన్నది. పది, ఇరవై వేలు ఫిక్సెడ్ డిపాజిట్ చేసి దాని పూచీమీద కార్డు తీసుకోవచ్చును. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. పరిమితి డిపాజిట్‌కు లోబడి ఉంటుంది. సకాలంలో కడుతూ పోతే చరిత్ర ఏర్పడుతుంది.

రూపే కార్డును యు.పి.ఐ.కి జోడించే సౌకర్యం 2022లో వచ్చినది. కిరాణా దుకాణంలోని చిన్న చిత్రం చూపి కార్డుమీదనే సరుకు కొనవచ్చును. అయితే ఖాతాలోని సొమ్ము తీసినా, కార్డు అప్పు తీసినా వేలి కదలిక ఒకటే. అప్పు చేస్తున్నామన్న స్పృహ జారిపోతుంది. ఈ సౌకర్యం వాడేవారు వారానికొకసారి లెక్క చూసుకోవడం అవసరం.

మీ హక్కులు

రిజర్వు బ్యాంకు నిబంధనలు కార్డుదారునికి గట్టి అండ. అడగని కార్డు పంపరాదు. పంపి బిల్లు వేస్తే దానిని రద్దు చేయడమే కాక రెట్టింపు మొత్తం పరిహారంగా చెల్లించాలి. దరఖాస్తుతోపాటు వడ్డీ, రుసుములు తెలిపే ఒక పుట వివరపత్రం ఇవ్వాలి. దానిని చదవకుండా, చదవలేకపోతే చదివించుకోకుండా సంతకం చేయవద్దు. చదవడం వచ్చిన మీ బడిపిల్ల ఈ పనికి చాలు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం వ్రాతపూర్వకంగా తెలపాలి. బాకీలన్నీ తీర్చి కార్డు రద్దు చేయమని కోరితే ఏడు పనిదినాలలో చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 చొప్పున మీకే చెల్లించాలి.

రహస్య సంఖ్య అడిగే ఫోను ఏ భాషలో వచ్చినా, ఎంత ఆప్యాయంగా తెలుగులో పలకరించినా, అది మోసమే. మోసం జరిగితే వెంటనే బ్యాంకుకు తెలిపి, 1930 నెంబరుకు ఫోను చేయండి. బ్యాంకు ఫిర్యాదును ముప్పయి రోజులలో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దానికి ఖర్చు లేదు.

ఇదివరకే చిక్కుకున్నవారు

ఒక కార్డు బాకీ తీర్చడానికి రెండవ కార్డు తీసుకోవాలని చూసేవారు ముందు చేయవలసినది కార్డు వాడకం పూర్తిగా ఆపడం. తరువాత తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి ఎక్కువ వడ్డీ బాకీ మూసివేయడం. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కనీస మొత్తం కడుతూ పోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. పూర్వం షావుకారు గుమ్మంలోకి వస్తే ఇంటిల్లిపాదికీ అప్పు సంగతి తెలిసేది. ఇప్పుడు అప్పు జేబులోని ఫోనులో ఉంటుంది. భార్యకు తెలియదు, తండ్రికి తెలియదు. వసూలుదారులు వచ్చిననాడు అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

అందువల్ల కార్డు తీసుకొనే నిర్ణయం ఒక్కరి సంతకంతో జరిగేదయినా, ఒక్కరి ఆలోచనతో జరగరాదు. బిల్లు తేదీ, గడువు తేదీ, పరిమితి — ఈ మూడు అంకెలను ఇంట్లో అందరికీ కనబడేచోట, క్యాలెండరుమీద వ్రాసి పెట్టండి. గడువునాటికి పూర్తిగా తీర్చగల ఇంటికి కార్డు వడ్డీలేని చేబదులు. తీర్చలేని ఇంటికి అది మూడున్నర రూపాయల వడ్డీ అప్పు. ఆ రెండింటిలో మీది ఏ ఇల్లో కార్డు ఇచ్చే బ్యాంకుకు తెలియదు, మీకు తెలుసు.